బరువుగా ఉంటే చెప్పండి

జీలకర్ర, బెల్లం కలిపి నూరిన వాసన నాకు గిట్టదు. పెళ్ళిళ్ళకి వెళ్తాను, అక్షింతలు వేస్తాను, భోజనం చేస్తాను. ముహూర్తం వేళకి మాత్రం హాలు బయట చెప్పుల దగ్గర నిలబడతాను. చూసినవాళ్ళు ఈవిడకి ఎంత పొగరో అనుకుంటారు. అనుకోనీ, నాకేం?

ఒకప్పుడు అదే వాసనంటే నాకు ప్రాణం. మా పెళ్ళి రాజమండ్రిలో ఒక కల్యాణమండపంలో జరిగింది. పెళ్ళిచూపుల్లో మాట్లాడిందంతా పెద్దవాళ్ళే. ఆయన గొంతెలా ఉంటుందో కూడా నాకు తెలియదు. పెళ్ళినాడు అడ్డుతెరకి ఇవతల నేను, అవతల ఆయన. ముహూర్తానికి తమలపాకులో జీలకర్ర బెల్లం ముద్ద ఒకరి తలమీద ఒకరం పెట్టి, చెయ్యి తియ్యకుండా అలాగే అదిమి పట్టుకోవాలి. బాజాలు చెవులకి చిల్లులు పొడుస్తున్నాయి. పంతులుగారి మంత్రం ఎంతకీ తెమలడంలేదు. అప్పుడు తెర అవతల నుంచి, నాకు తప్ప ఇంకెవరికీ వినబడకుండా, "బరువుగా ఉంటే చెప్పండి, చెయ్యి కాస్త ఎత్తి పట్టుకుంటాను" అన్నారు. అదీ ఆయన నాతో అన్న మొదటి మాట. నాకు నవ్వు ఆగలేదు. తెర తీసేసరికి పెళ్ళికూతురు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. ఆ ఫొటో చూసినప్పుడల్లా మా అమ్మ నన్ను తిట్టేది.

పెళ్ళి వీడియోలో ఈ మాట లేదు. అందులో బాజాలున్నాయి, మా మేనమామల బట్టతలలున్నాయి. ఆ మాట విన్నది నేనొక్కదాన్ని, అన్నది ఆయనొక్కరు. ఆ వాసన ఎక్కడ తగిలినా చాలు, ఆ గొంతు నా చెవిలో పలికేది. అసలు ఆ ముద్ద వాసన నా జుట్టు వదలడానికే చాలా రోజులు పట్టింది.

ఆయన నాకంటే ముందే సింగపూర్ వచ్చారు, తేదీల పనికి. రెండువేల సంవత్సరం వచ్చేలోగా పాత కంప్యూటర్లకి ఏ శతాబ్దమో తెలిసేలా చెయ్యాలని లోకమంతా గుండెలు బాదుకుంటున్న రోజులవి. కంప్యూటర్ అన్న మాట పలకగలిగిన ప్రతివాడికీ విమానం టికెట్ దొరికేది. సెరంగూన్‌లో తనలాంటి బ్రహ్మచారులతో కలిసి ఒక ఫ్లాట్‌లో ఉండేవారు. పెళ్ళయ్యాక నేనూ వచ్చాను. టెస్టింగ్ నేర్చుకున్నాను, నాకూ వేరే కంపెనీలో ఉద్యోగం దొరికింది. యీషున్‌లో ఒక ఫ్లాట్ అద్దెకి తీసుకున్నాం. రెండువేల సంవత్సరం వచ్చింది, కంప్యూటర్లన్నీ నిక్షేపంలా ఉన్నాయి. ఆ తర్వాత కొన్ని నెలలకి, ఇది ఏ సంవత్సరమో ఆయనకే తెలియకుండా పోయింది. నవ్వొస్తే నవ్వండి, పర్వాలేదు. నేనూ ఒకసారి ఆస్పత్రి లిఫ్టులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మొదట మామూలు జ్వరమే అనుకున్నాం. క్లినిక్‌లో మాత్రలిచ్చి పంపేశారు. తర్వాత పొంతనలేని మాటలు మొదలయ్యాయి, ఆ వెంటనే ఫిట్స్ వచ్చాయి. ఆస్పత్రిలో మెదడువాపు అన్నారు. ప్రాణం దక్కడమే గొప్ప అన్నారు. నేనూ అలాగే అనుకుని కనబడిన దేవుడికల్లా మొక్కాను. ఒకరోజు ఆయన కళ్ళు తెరిచి నావైపు చూశారు. "సిస్టర్, కాస్త మంచినీళ్ళిస్తారా?" అని ఇంగ్లీషులో ఎంతో మర్యాదగా అడిగారు.

ఆయన్ని చూసిన డాక్టరమ్మ చైనీస్ ఆవిడ, ఇంచుమించు నా వయసే. ఒక కాగితం మీద మెదడు బొమ్మ గీసి, లోపల అటొకటి ఇటొకటి చిన్న వంకర ముక్కలు గీసింది. నాకవి ఎండురొయ్యల్లా కనిపించాయి. ఆవిడ చెప్పింది ఇదీ: ఒక రోజు జరిగినదంతా మెదడులో ఒకచోట ఉండదు. చూసింది ఒకచోట, విన్నది ఒకచోట, వాసన ఇంకొకచోట ఉంటాయి. ఇవన్నీ ఒక్క రోజువే అని ముడివేసేవి ఈ ముక్కలు. తర్వాత ఎప్పుడైనా ఒక్క కొస దొరికితే, దాన్ని పట్టుకుని మిగతావన్నీ లాక్కొస్తాయి. ఆయనకి రెండూ దెబ్బతిన్నాయి. చిన్ననాటివి తలుచుకుని తలుచుకుని గట్టిపడ్డాయి కాబట్టి అవి ఉంటాయి. పచ్చిగా ఉన్న ఈ మధ్య సంవత్సరాలు పోయాయి. ఇకముందు కొత్తగా ఏదీ ముడిపడదు.

నేను గుడ్లప్పగించి చూస్తుంటే ఆవిడ మళ్ళీ చెప్పింది. "హాకర్ సెంటర్‌లో ఖాళీ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేస్తాం కదా, ఈ చోటు నాది అని? ఆయన దగ్గర టేబుళ్ళున్నాయి, తిండీ వస్తోంది. టిష్యూ పెట్టేవాళ్ళే లేరు. అందుకని ఏదీ నిలవదు." నా మొగుడి మెదడుకీ బజారు తిండికొట్లకీ పోలికేమిటి తల్లీ అని ఒళ్ళుమండింది. కానీ అర్థమైంది.

"నేను భార్యనని ఆయనకి రోజూ చెబుతూ ఉంటే?" అని అడిగాను.

"చెప్పగా చెప్పగా ఎప్పటికైనా తెలియవచ్చు. తెలియడం వేరు, గుర్తుండటం వేరు. మీరు పుట్టారని మీకు తెలుసు కదా?"

"తెలుసు."

"గుర్తుందా?"

ఆవిడ కాగితం మడిచి నా చేతిలో పెట్టింది.

ఇంటికి తీసుకొచ్చాను. నడక, భోజనం, తెలుగు, ఇంగ్లీషు, పేపర్ చదవడం, అన్నీ ఉన్నాయి. లేనిదల్లా నేను. ఆయన లెక్కలో ఇంకా పెళ్ళి కాలేదు, రెండువేల సంవత్సరం ఇంకా రాలేదు. "డెడ్‌లైన్ దగ్గర పడుతోందండీ, ఆఫీసుకి వెళ్ళాలి" అని కంగారుపడేవారు. పొద్దున్నే లేచి పక్కన పరాయి ఆడదాన్ని చూసి హడలిపోయేవారు. "క్షమించండి, పొరపాటున మీ గదిలోకి వచ్చినట్టున్నాను" అని దుప్పటి చుట్టుకుని లేచి నిలబడేవారు. ఆ ముఖంలో భయం చూడలేక నేను హాల్లో పడుకోవడం మొదలుపెట్టాను.

ఆల్బమ్ తెచ్చి ముందు పెట్టేదాన్ని. "ఇదిగో, ఇది మీరు. ఇది నేను. నేను మీ భార్యనండీ."

"అవునా! ఎవరూ చెప్పలేదే!" అని ఆశ్చర్యపోయేవారు. ముఖం వికసించేది కూడా. నేను వంటింట్లోకి వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టి వచ్చేలోగా, "మీరిక్కడే ఉంటారాండీ?" అని అడిగేవారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. కాకపోతే, ఆ చెవిటివాడు శ్రద్ధగా, తల ఊపుతూ వినేవాడు. అదే భరించలేకపోయేదాన్ని.

ఒకటి మాత్రం ఉండేది. నా అడుగుల చప్పుడు వినగానే కాఫీ గ్లాసు కోసం చెయ్యి చాపేవారు. అలవాట్లు మెదడులో వేరే చోట ఉంటాయట. డాక్టరమ్మ దానికి ఎంత సంతోషించిందో! నాకేం సంతోషం? కాఫీకి చెయ్యి చాపడానికి పెళ్ళామే కావాలా!

నేను ఆఫీసుకి వెళ్తే ఆయన్ని పక్క ఫ్లాట్ ఆంటీ చూసుకునేది. ఆవిడ తాతలు ఎప్పుడో మలయా రబ్బరు తోటల్లోకి వచ్చిన తెలుగువాళ్ళు. తమిళం, మలయ్ కలిసిన తెలుగు ఆవిడది. సాయంత్రం నేను రాగానే, "ఏమ్మా, మకాన్ అయిందా? నువ్వు తినకుంటే అతన్ని ఎవరు చూస్తారు లా?" అని గిన్నె చేతికిచ్చేది. ఆ ఊళ్ళో నాకున్న ఒకే ఒక దిక్కు ఆవిడ.

అలా ఈడ్చుకొస్తుంటే ఆయన కంపెనీ ఉద్యోగం తీసేసింది. దాంతో సింగపూర్‌లో ఉండే అనుమతీ పోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడే వదిన నుంచి ఫోన్ వచ్చింది. వదినంటే మా ఆయన అక్కయ్య, ఆయన్ని చేతుల్లో పెంచిన మనిషి. తమ్ముణ్ణి తీసుకెళ్ళిపోతానంది.

"వాడు నాతో ఫోన్లో శుభ్రంగా మాట్టాడుతున్నాడే అమ్మాయ్. నన్నెరుగును, మా ఇల్లెరుగును. నువ్వెవరో వాడికి తెలవదు. ఎవరో తెలవని ఆడమనిషితో ఒక్క కొంపలో వాడెలా ఉంటాడు చెప్పు? భయపడిపోతన్నాడు."

"ఆయన నా భర్త వదినా."

"నీకు. వాడికి కాదుగా."

ఫోన్ విసిరికొట్టాలనిపించింది. కొట్టలేదు, ఎందుకంటే ఆవిడ అన్నది నిజం. నా ఉద్యోగం మీద డిపెండెంట్‌గా ఆయన్ని ఉంచుకోవచ్చు, కాగితాల చిక్కేమీ లేదు. చిక్కల్లా ఆయన భయం. ఏడ్చి మొత్తుకుంటే చివరికి వదిన ఒక మాటిచ్చింది. "సరే, నేనొచ్చేసరికి వాడు తనంతట తాను నిన్ను గుర్తుపట్టి, నీ కాడే ఉంటానన్నాడనుకో, నేను నోరెత్తను. ఒట్టిచేతుల్తో తిరిగెళ్ళిపోతాను."

ఇక నాకు పగలూ రాత్రీ అదే ధ్యాస అయింది. ఒక్కసారి గుర్తుపడితే చాలు, ఆయన నా మనిషి. లేకపోతే వదిన వెంట వెళ్ళిపోతారు. డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తి, ఏదైనా దారి ఉందా అని పట్టుకున్నాను. వాసన దారి దగ్గరదంది. అది ఆ వంకర ముక్కల పక్క నుంచే పోతుందట. ఒక్కోసారి ఎప్పటెప్పటివో లాక్కొస్తుందట. "కానీ ఇది వైద్యం కాదు. ఆశ పెట్టుకోకండి" అంది. తలుపు దాకా వచ్చి ఇంకో మాట కూడా అంది. "జ్ఞాపకాన్ని బయటికి తీసిన ప్రతిసారీ అది మెత్తబడుతుంది. మళ్ళీ లోపలికి వెళ్ళేటప్పుడు అప్పుడు చుట్టూ ఉన్నవన్నీ దానికి అంటుకుంటాయి. ఆయనకే కాదు, ఎవరికైనా అంతే." ఆ మాట నా చెవికెక్కితేగా! వాసన అన్నదొక్కటే విన్నాను.

ఆయనతో మళ్ళీ జీలకర్ర బెల్లం పెట్టించుకుంటానని చెబితే ఆంటీ గుండె మీద చెయ్యేసుకుంది. "అడ కడవుళే! అది ఒక్కసారే పెట్టేది కదమ్మా. రెండోసారి పెడితే రెండో పెళ్ళి అవుతుంది."

"రెండోదే అనుకోండి ఆంటీ. మొదటిది చేసుకోలేదంటున్నారుగా ఆయన."

ఆంటీ లోపలికి వెళ్ళి తను సంబల్, అదే రొయ్యల కారం, నూరుకునే రాతి రోలు తెచ్చిచ్చింది. రొయ్యల వాసన పోయేదాకా చింతపండు, ఉప్పు పెట్టి దాన్ని తోమాను. కింద మార్కెట్లో కొబ్బరిచెట్టు బెల్లం దొరుకుతుంది గానీ దాని వాసన వేరు. బస్సెక్కి లిటిల్ ఇండియా వెళ్ళి, నాలుగు కొట్లు తిరిగి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి మరీ చెరుకు బెల్లం కొన్నాను. కొట్టువాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. తమలపాకులూ అక్కడే దొరికాయి.

వదిన వచ్చిన మర్నాడు ఆదివారం. పొద్దున్నే ఆవిడ ఆంటీతో గుడికి వెళ్ళింది. నేను మధుపర్కం చీర కట్టుకున్నాను. నూరుతుంటే వాసన లేచింది. ఆయన్ని వంటింట్లో స్టూల్ మీద కూర్చోబెట్టి, ఎదురుగా ఇంకో స్టూల్ వేసుకున్నాను.

"తలమీద ఇది పెట్టాలండీ. మీరు నాకు పెట్టాలి."

"వైద్యమాండీ?"

"అవును."

"అలాగే, దానికేం!" అని తల వంచారు. నేను పెట్టాను. తమలపాకుతో సహా ఆయన చెయ్యి పట్టుకుని నా తలమీద ఉంచుకుని కళ్ళు మూసుకున్నాను. ఎగ్జాస్ట్ ఫ్యాన్ గిరగిరా తిరుగుతోంది. ఆయన ఊపిరి గట్టిగా పీల్చడం వినబడింది. తర్వాత, మీరు నమ్ముతారో లేదో, నా తలమీది బరువు కొంచెం తేలికైంది. ఆయన చెయ్యి ఎత్తారు. ఇప్పుడంటారు, ఆ మాట ఇప్పుడంటారు అని పళ్ళు బిగపట్టుకుని కూర్చున్నాను.

"ఈ వాసన నాకు తెలుసండీ" అన్నారు.

"చెప్పండి. ఏం గుర్తొచ్చింది?"

"పెళ్ళి."

"ఎవరి పెళ్ళి?"

"మా అక్కయ్య పెళ్ళి!"

కళ్ళు తెరిచాను. ఆయన ముఖం దీపంలా వెలుగుతోంది. జబ్బుపడిన తర్వాత ఆ ముఖంలో అంత సంతోషం నేను చూడలేదు. చెయ్యి ఎత్తింది పళ్ళెం ఎంత పెద్దదో చూపించడానికి. "నాకు తొమ్మిదేళ్ళండీ అప్పుడు. జీలకర్ర బెల్లం పళ్ళెం నన్ను పట్టుకోమన్నారు. వాసన చూస్తే నోరూరిపోయింది. కొంచెం కొంచెం గిల్లుకుని నాకేశాను. ముహూర్తం దగ్గరపడేసరికి సగమే ఉంది! మా నాన్న చెవి మెలేశారు. అక్కయ్య తెర వెనకాల ఒకటే నవ్వు." చెబుతూ చెబుతూ పకపకా నవ్వారు. తర్వాత నావైపు, నా తలమీది ముద్ద వైపు, చీర వైపు చూసి, పెళ్ళివారింట్లో కొత్తవాళ్ళని పలకరించినట్టు, ఆప్యాయంగా అడిగారు. "మీరూ వచ్చారా ఆ పెళ్ళికి? ఎవరి తరఫండీ, మగపెళ్ళివారి తరఫా, ఆడపెళ్ళివారి తరఫా?"

"ఆడపెళ్ళివారి తరఫు" అన్నాను.

"అయితే మనవాళ్ళేనన్నమాట!" అని మురిసిపోయారు.

తలుపు తెరుచుకుని వదిన వచ్చింది. "అక్కయ్యా, ఇలా రా! ఈవిడ మనవాళ్ళేనట!" అని ఆయన కేకేశారు. వదిన ఆయన తల చూసింది, నా తల చూసింది. దెబ్బలాడుతుందనుకున్నాను. ప్రసాదం పొట్లం బల్లమీద పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత తమ్ముడి తల తనే కడిగింది. నా తల నేను కడుక్కున్నాను.

నేనిక అడ్డుచెప్పలేదు. మందులకీ మాకులకీ ఎవరో ఒకరు సంపాదించాలి కాబట్టి నేను ఉండిపోయాను. విమానాశ్రయంలో ఆయన నాకు నమస్కారం పెట్టారు. "చాలా శ్రమ తీసుకున్నారండీ. మావైపు వస్తే తప్పకుండా మా ఇంటికి రావాలి" అన్నారు. వస్తానన్నాను. ఏటా వెళ్తాను. "మీ ఆవిడరా" అని వదిన చెబుతుంది. "అవునా! ఎవరూ చెప్పలేదే!" అంటారు. మొదట్లో ఏడుపొచ్చేది. ఇప్పుడు రావడంలేదు, బండబారిపోయాను.

ఇదే అయితే భరించేదాన్ని. ఆయన దగ్గర లేకపోతే పోయింది, నా దగ్గరుంది, ఇద్దరికీ నేనే గుర్తుపెట్టుకుంటాను అనుకునేదాన్ని. కొన్నేళ్ళకి సెరంగూన్ వైపు ఒక హాల్లో, నాతో పనిచేసే అమ్మాయి పెళ్ళికి వెళ్ళాను. ముందు వరసలో కూర్చున్నాను, కావాలనే. వెండి గిన్నెలో జీలకర్ర బెల్లం తెచ్చారు. వాసన తగలగానే కళ్ళు మూసుకుని ఆయన గొంతు కోసం ఎదురుచూశాను. రాలేదు. స్టూల్ వచ్చింది, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వచ్చింది, ఆంటీ రోలులోంచి పూర్తిగా పోని రొయ్యల వాసన వచ్చింది. "ఎవరి తరఫండీ?" అని వచ్చింది. ఇంటికెళ్ళి నేనే నూరుకుని వాసన చూశాను. తర్వాత కూడా ఎన్నోసార్లు చూశాను. చూసినకొద్దీ ఆ వంటిల్లే ఇంకా గట్టిపడింది, తెర అవతలి గొంతు ఇంకా ఇంకా అరిగిపోయింది. తలుపు దగ్గర డాక్టరమ్మ చెప్పిన మాట అప్పుడెక్కింది బుర్రకి. ఈ లోకంలో ఆ మాట మిగిలింది ఒక్క నా దగ్గరే. దాన్ని బయటికి తీసి నేనే నూరేశాను.

మొదట్లో మీకు చెప్పానే, తెర, బాజాలు, పళ్ళికిలించిన పెళ్ళికూతురు, అవన్నీ ఆల్బమ్‌లో ఉన్నవే, నేను పదిమందికీ చెప్పగా చెప్పగా నోటికొచ్చినవే. "బరువుగా ఉంటే చెప్పండి" అని ఆయన అన్నారు. నేను పుట్టిన ఊరు చెప్పినట్టు, ఎవరడిగినా చెప్పగలను. నాకు తెలుసు. గుర్తు లేదు.